ఇంటి గుట్టు ఎవరికి చేటు?

విజయనగరంలో పుట్టిన 'కన్యాశుల్కం' గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. 1892లో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. గురజాడ తన ఇంగ్లీషు ముందుమాటలో ఒక లెక్క ఇచ్చారు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ల కాలంలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితాను విజయనగరం మహారాజు తయారు చేయించారు. లెక్కకు వచ్చినవి 1034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. ఇవి మామూలు అంకెలు కావు. ఒక కులం తన కడుపున పుట్టిన ఆడపిల్లలకు ధర కట్టిన చిట్టా. ఆ చిట్టాను బయటపెట్టినవాడు ఆ కులంలో పుట్టినవాడే.

ఆ నాటకం చూసి జనం గిరీశాన్ని తలుచుకుని నవ్వుకున్నారు. అగ్నిహోత్రావధాన్లను చూసి చీదరించుకున్నారు. రాసినాయన్ని యుగకర్త అన్నారు. బ్రాహ్మణులంతా ఇంతేనని ఎవరూ పోలీసు స్టేషనులో ఫైలు తెరవలేదు. ఆ నాటకాన్ని సాక్ష్యంగా చూపించి ఏ బ్రాహ్మణుడికీ అద్దెకు ఇల్లు లేదనలేదు. నేను గురజాడను తప్పు పట్టడం లేదు. ఆయన చేసింది గొప్ప పని. అయితే తన వాళ్లను నలుగురిలో నిలబెట్టి కడిగేయగల వెసులుబాటు ఒకటుందనీ, అది అందరికీ సమానంగా పంచి పెట్టలేదనీ మాత్రం గుర్తు చేస్తున్నాను. అధికారంలో, అగ్రహారాల్లో, కచేరీల్లో గట్టిగా కాళ్లూనుకున్న సమూహం తనను తాను విమర్శించుకుంటే అది సంఘ సంస్కరణ. నూటికి ఒక్కరు కూడా లేని సమూహంలో ఒకడు అదే పని చేస్తే లోపలివాళ్లకు అది ద్రోహం, బయటివాళ్లకు నేరాంగీకారం.

తెలుగులో ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. ఉర్దూలోనూ అదే సామెత ఉంది: ఘర్ కా భేదీ లంకా ఢాయే. మతాలు వేరు, లిపులు వేరు, ఒకటి కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి రాసుకుంటాం. విభీషణుడి మీద అనుమానం మాత్రం రెండు భాషలకూ ఒకటే. తమ్ముడు అంతకుముందు అన్నకు నిండు సభలోనే హితవు చెప్పాడనీ, తన్ని తగిలేశాకే గడప దాటాడనీ రెండు సామెతలూ చెప్పవు.

ఈ ప్రశ్న ఉత్తరాంధ్రలో కూచుని ఎందుకు అడగాల్సి వచ్చిందో చెప్పాలి. శ్రీకాకుళం పట్నంలోని జామియా మసీదు 1641 నాటిది. కుతుబ్‌షాహీల తరఫున ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించాడు. అప్పుడిది చికాకోల్ సర్కారు. 1766, 1768 ఒప్పందాలతో ఈ సర్కార్లు నిజాం చేజారి ఇంగ్లీషు కంపెనీ కిందికి పోయాయి. అంటే రజాకార్లనేవాళ్లు పుట్టేనాటికి మా ప్రాంతానికి నిజాంతో సంబంధం తెగి నూట డెబ్బై ఏళ్లు దాటింది. మా తాతల్లో ఎవరూ రజాకారు కాదు. అయ్యే అవకాశం కూడా లేదు. అయినా వీధిలో మాటామాటా పెరిగితే మా పిల్లల మీదికి వచ్చే తిట్లలో 'రజాకార్' ఒకటి. బొబ్బిలి కథదీ అదే దారి. 1757లో బుస్సీని బొబ్బిలి మీదికి వెంటబెట్టుకొచ్చింది విజయనగరం రాజు. కథలో హైదర్ జంగు పేరు వచ్చినప్పుడు మాత్రం తలకాయలు మా వైపు తిరుగుతాయి. 2024 మార్చిలో 'రజాకార్' అనే సినిమా వచ్చాక ఆ తిట్టుకు మళ్లీ పదును పెట్టినట్టయింది.

సెక్యులర్ మిత్రులు కూడా అడుగుతుంటారు: "భాయ్, మీ వాళ్లు రజాకార్లను ఎందుకు ఖండించరు?" మంచి మనసుతోనే అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు 1948లోనే అచ్చయింది. ఎలా అచ్చయిందో, తర్వాత ఏమయిందో చూస్తే ఖండించడమనే పని ఎంత చౌకో, ఎంత ఖరీదో రెండూ తెలుస్తాయి.

హైదరాబాదులో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పెరిగింది ఒక్క మాట మీద. 'అనల్ మాలిక్' - నేనే ప్రభువును. నిజాం ఒక్కడే రాజు కాదు, రాజ్యంలో ప్రతి ముస్లిమూ పాలకుడే అని దాని తాత్పర్యం. వినడానికి ఎంత తియ్యగా ఉందో చూడండి. పూట గడవని టాంగావాలా కూడా పాలకుడే! తెలంగాణలో షేక్ బందగీ అనే రైతు విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డితో భూమి కోసం తలపడి 1940 ప్రాంతంలో హతమయ్యాడు. ముస్లిం పాలకుడి రాజ్యంలో ముస్లిం రైతును కాపాడినవాడు లేడు. దేశ్‌ముఖ్‌కు అండగా ఉన్నది ఆ రాజ్యమే. ఐక్యత పేరుతో పేదవాడికి కిరీటం ఇచ్చారు, భూమి ఇవ్వలేదు. ఆ కిరీటం ఖరీదు 1948 సెప్టెంబరులో ఆ పేదవాడే కట్టాడు.

బహదూర్ యార్ జంగ్ 1944లో చనిపోయాడు. 1946లో లాతూరు వకీలు కాసిం రజ్వీ నాయకుడయ్యాడు. రజాకార్ల దండు పెరిగింది, ఊళ్ల మీద పడింది. ఆ రోజుల్లో ఖాకీ తొడుక్కున్నవాడే కౌముకు సిపాయి. కాదన్నవాడు గద్దార్.

అలాంటి సమయంలో, 1948 ఆగస్టు 13న, ఏడుగురు ముస్లిం పెద్దలు సంతకాలు చేసి ఒక ప్రకటన ఇచ్చారు. రజాకార్లను రద్దు చేయాలనీ, హైదరాబాదు భారత యూనియన్‌లో చేరాలనీ. వాళ్లలో బాకర్ అలీ మీర్జా ఉన్నారు, తర్వాతి కాలంలో లోక్‌సభకు ఎన్నికైన మనిషి. ముల్లా అబ్దుల్ బాసిత్ ఉన్నారు. నాందేడ్ వైపు రెవెన్యూ ఉద్యోగం చేస్తూ రజాకార్ల ఆగడాలను కళ్లారా చూసి రాజీనామా ఇచ్చిన ఫరీద్ మీర్జా ఉన్నారు. ఏడు సంతకాలు, ఏడు పేర్లు. ఆకాశరామన్న ఉత్తరం కాదు. ఎవరి ఇల్లు ఎక్కడో ఊరందరికీ తెలుసు.

ఆ ప్రకటనను అచ్చేసిన ఉర్దూ దినపత్రిక 'ఇమ్రోజ్'. ఇమ్రోజ్ అంటే ఈ రోజు. సంపాదకుడు షోయబుల్లా ఖాన్. 1920లో వరంగల్ జిల్లా మహబూబాబాద్ తాలూకాలో పుట్టాడు. ఉస్మానియాలో బి.ఏ. చదివాడు. కావాలనుకుంటే సర్కారు నౌకరీ దొరికే చదువే. 'తాజ్'లో రాశాడు. తర్వాత మందుముల నరసింగరావు నడిపిన 'రయ్యత్'లో చేరాడు. దాన్ని ప్రభుత్వం మూసేయించింది. 1947 నవంబరులో తనే 'ఇమ్రోజ్' పెట్టాడు. బూర్గుల రామకృష్ణారావు వంటివాళ్లు అండగా నిలిచారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. రయ్యత్ ఉర్దూ పత్రిక. నడిపినవాడు హిందువు. అంటే ఆ రోజు హైదరాబాదులో ఉర్దూలో రాయడమంటే తలుపులేసుకుని కౌముతో గుసగుసలాడటం కాదు. ఉర్దూ అప్పటికి మసీదు పక్కన పెరిగే మొక్క కాలేదు. కోర్టు భాష, కాలేజీ భాష, చదువుకున్న ప్రతివాడి భాష. షోయబుల్లా రాసింది ఇంటివాళ్ల కోసమే, కానీ గుమ్మం తెరిచే ఉంది. దారినపోయేవాడూ విన్నాడు. "నలుగురూ వినేలా ఎందుకన్నావు?" అని అతన్ని నిలదీసినవాళ్లకు, ఆ నలుగురూ కూడా ఆ ఇంటివాళ్లే అన్నది అతని జవాబు. పత్రిక నడిపిన తీరులో నాకు కనిపించిన జవాబు అది.

ఆగస్టు 19న హైదరాబాదు సభలో, తమకు ఎదురు లేచే చేతులను నరికేస్తామని రజ్వీ మాట్లాడాడని ఆ కాలం గురించి రాసినవాళ్లు చెబుతారు. 21వ తేదీ అర్ధరాత్రి దాటాక పత్రిక పని ముగించుకుని కాచిగూడలోని ఇంటికి పోతున్న షోయబుల్లాను వెనకనుంచి కాల్చారు. రాసే చేతిని నరికారు. తోడుగా వస్తున్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ చెయ్యీ తెగింది. 22 తెల్లవారకముందే షోయబుల్లా ప్రాణం పోయింది. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు.

మూడు వారాలు తిరిగేసరికి, సెప్టెంబరు 13న, భారత సైన్యం ప్రవేశించింది. 17కల్లా అంతా ముగిసింది. పుస్తకాల్లో అక్కడితో అధ్యాయం అయిపోతుంది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో అధ్యాయం అప్పుడే మొదలయింది. నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపింది. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని ఆ బృందం అంచనా. అపాయంలో పడ్డ ముస్లింలను కాపాడిన హిందువుల సంగతి కూడా రాసింది. ఆ నివేదికను ఎవరికీ చూపకుండా దాచారు. 2013లో గానీ మామూలు చదువరులకు అందుబాటులోకి రాలేదు. అరవై అయిదేళ్లు! ఇంటి గుట్టు దాచుకోవడం మైనారిటీల అలవాటని అనేవాళ్లు ఈ లెక్క కూడా చూడాలి.

ఆ బృందంలో ఖాజీ అబ్దుల్ గఫార్ ఉన్నారు. హైదరాబాదులో 'పయాం' ఉర్దూ పత్రికను నడిపిన సంపాదకుడు. మజ్లిస్ రాజకీయాలతో సరిపడని ఉదారవాది. కౌము తప్పును కౌము ముఖాన చెప్పిన కలమే కౌము మీద జరిగిన హత్యాకాండను లెక్కకట్టింది. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేశాడు. నా దృష్టిలో సంఘీభావమంటే ఆయన పెట్టిన ఆ సంతకమే. మొదటి పని చేసిన షోయబుల్లాకు రెండో పని చేసే వ్యవధి దొరకలేదు.

ఇప్పుడు సెప్టెంబరు 17 వస్తే షోయబుల్లా పేరు వేదికల మీద వినిపిస్తుంది. 2022 నుంచి కేంద్రం ఆ రోజును అధికారికంగా విమోచన దినమంటోంది. కొందరు అతన్ని 'మంచి ముస్లిం' అని మెచ్చుకుంటారు. మిగతా మా అందరికీ అది చీవాట్లు. తన వాళ్లను బాగుపరచడానికి ఒకడు ప్రాణమిస్తే, ఆ ప్రాణాన్ని అతని వాళ్లను కొట్టడానికే కర్ర చేసుకున్నారు. సంతకం పెట్టిన ఆ ఏడుగురినీ ఇలాగే వాడుకోవచ్చు. అందుకని వాళ్లు నోరు మూసుకోవలసిందా?

ఇదే ప్రశ్నతో మనకన్నా ముందు కుస్తీ పట్టినవాళ్లు అమెరికాలోని నల్లవాళ్లు. బుకర్ టి. వాషింగ్టన్ 1895లో అట్లాంటాలో చేసిన ప్రసంగం తెల్లవాళ్లకు బాగా నచ్చింది. రాజకీయ హక్కుల కోసం ఇప్పుడే పట్టుబట్టవద్దు, చేతిపనులు నేర్చుకుని పైకి వద్దాం అన్నది దాని సారాంశం. 1903లో డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ తన పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఆ నాయకుడి మీద విమర్శే రాశాడు. జాతి పెద్దను తెల్లవాళ్లు చదివే పుస్తకంలో విమర్శించవచ్చా? నిజాయితీ ఉన్న విమర్శకుల నోరు నొక్కడమే జాతికి అపాయమని డుబాయిస్ వాదన. అదే ఏడాది జూలైలో బోస్టన్ చర్చిలో వాషింగ్టన్ సభ జరుగుతుంటే 'గార్డియన్' అనే నల్ల పత్రిక సంపాదకుడు ట్రాటర్ లేచి ప్రశ్నలడిగాడు. గొడవయింది. ముప్పై రోజులు జైలు. వాషింగ్టన్ చాటుమాటుగా కొన్ని నల్ల పత్రికలకు డబ్బిచ్చి తనకు అనుకూలంగా నడిపించుకునేవాడని చరిత్రకారులు తేల్చారు. పత్రికలవాడిగా నాకు ఆ భాగం చదువుతుంటే ఏమాత్రం ఆశ్చర్యం కలగలేదు.

అయితే ఆ డుబాయిసే 1918లో, ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, మన ప్రత్యేక బాధలను కొంతకాలం పక్కన పెట్టి తెల్లవాళ్లతో భుజం కలుపుదామని తన 'క్రైసిస్' పత్రికలో రాశాడు. ఈసారి హ్యూబర్ట్ హారిసన్ లాంటి నల్ల మేధావులు డుబాయిస్‌నే దుయ్యబట్టారు. మరుసటి ఏడే, యుద్ధం నుంచి సైనికులు తిరిగొచ్చిన 1919 ఎండాకాలంలో, నగరం తర్వాత నగరంలో నల్లవాళ్ల మీద దాడులు జరిగాయి. ఇప్పుడు కాదు, తర్వాత మాట్లాడదాం అనే సలహా ఎంత పెద్దవాడి నోట వచ్చినా అదే ఫలితం.

ఇంకొక ఘట్టం మన ఏడుగురి పక్కన పెట్టి చూడదగ్గది. మార్కస్ గార్వీ అనే జమైకా మనిషి లక్షలాది పేద నల్లవాళ్లను కూడగట్టాడు. ఓడల కంపెనీ పెట్టాడు, డబ్బు పోగొట్టాడు, తెల్ల దురహంకారుల దండు నాయకుడితో మంతనాలాడాడు. విమర్శించడానికి కావలసినంత ఉంది. 1923 జనవరిలో ఎనిమిదిమంది నల్ల ప్రముఖులు ఒక ఉత్తరం రాశారు. ఎవరికి? అమెరికా ప్రభుత్వ అటార్నీ జనరల్‌కు! గార్వీ మీద ఉన్న కేసును గట్టిగా, త్వరగా నడిపించండని. గార్వీ జైలుకు పోయాడు. 1927లో దేశం నుంచి పంపించేశారు. ఆ ఎనిమిదిమంది చెప్పిన తప్పుల్లో నిజముంది. కానీ వాళ్లు ఉత్తరం మీద రాసిన చిరునామా? మన ఏడుగురు తమ ఊరి పత్రికలో, తమను చంపగలవాళ్ల ఎదుట, పేర్లతో మాట్లాడారు. ఆ ఎనిమిదిమంది తమ వాడిని సర్కారుకు అప్పగించమన్నారు. రెండూ స్వజాతి విమర్శలే అని ఒకే గాటన కట్టడం నాకు చేతకాదు.

విమర్శ ఎవరి మీద అన్నది కూడా చూడాలి. బిల్ కాస్బీ అనే కోటీశ్వరుడైన నటుడు 2004లో ఒక పెద్ద సభలో పేద నల్ల తల్లిదండ్రులను చెడామడా తిట్టాడు. పిల్లల్ని పెంచడం రాదు, భాష రాదు అని. చప్పట్లు మోగాయి. మైకేల్ ఎరిక్ డైసన్ మరుసటి ఏడు ఒక పుస్తకమే రాసి ఎదురు నిలిచాడు. మన దగ్గరా ఇలాంటి కాస్బీలు తక్కువ కాదు. మెకానిక్ షెడ్డులో, పండ్ల బండి దగ్గర బతుకుతున్న సాయిబును చూసి "వీళ్లు చదువుకోరు, బాగుపడరు" అనే డాక్టరు సాబులు, ప్రొఫెసరు సాబులు ఉన్నారు. దీన్ని ఆత్మవిమర్శ అంటారు. ఇందులో ఆత్మ ఎక్కడుంది? షోయబుల్లా విమర్శించింది తుపాకీ ఉన్నవాణ్ని. మనం తరచుగా విమర్శించేది బండి తోసేవాణ్ని.

మగవాళ్లం మాట్లాడని భాగం ఇంకొకటుంది. 1991లో అమెరికా సుప్రీంకోర్టు పదవికి నామినేట్ అయిన క్లారెన్స్ థామస్ మీద అనితా హిల్ అనే నల్ల న్యాయశాస్త్ర అధ్యాపకురాలు లైంగిక వేధింపుల ఆరోపణ చేసింది. థామస్ ఆ విచారణనే నల్లవాడి మీద జరిపే లించింగ్ అన్నాడు. వేల మంది నల్లవాళ్లు నిజంగా లించింగుకు బలైన చరిత్రను ఒక్క ఆడమనిషి సాక్ష్యానికి అడ్డం పెట్టాడు. గెలిచాడు. ఆ నవంబరులో 1603 మంది నల్ల స్త్రీలు డబ్బులు వేసుకుని న్యూయార్క్ టైమ్స్‌లో తమ పేర్లతో నిరసన ప్రకటన వేయించారు. ఏడు కాదు, పదహారు వందల మూడు సంతకాలు.

మన దగ్గర 1985లో షాబానో తీర్పు వచ్చినప్పుడు, 1986లో చట్టం చేసి ఆ తీర్పును పక్కకు నెట్టినప్పుడు, ఐక్యత మాట ఎత్తినవాళ్లందరూ మగవాళ్లే. 2017లో మూడు తలాక్‌ల తీర్పు, 2019లో తలాక్ చెప్పిన మగవాణ్ని జైలుకు పంపే చట్టం వచ్చాయి. మనం ఇంట్లో పరిష్కరించని దాన్ని పరాయి ఇంటివాడు వచ్చి, తన లాభం చూసుకుని, తన పద్ధతిలో పరిష్కరించాడు. అప్పుడు గుండెలు బాదుకున్నాం. అంతకుముందు ముప్పై ఏళ్లు చేతులు కట్టుకుని కూచున్నాం. ఆడవాళ్లు మాట్లాడినప్పుడల్లా "ఇప్పుడా?" అన్నాం. బాబ్రీ కూలింది, ఇప్పుడా? గుజరాత్ తగలబడింది, ఇప్పుడా?

తెలుగు ముస్లిం రచయితలకు ఈ చిక్కు ఇంకాస్త ముదిరింది. కారణం భాష. ఉర్దూ ఈ ముప్పై, నలభై ఏళ్లలో తలుపులేసుకున్న గది అయిపోయింది. 1948 నాటి నరసింగరావులు ఇప్పుడు ఉర్దూ చదవరు. ఆ గదిలో ఏం రాసినా బయటికి పొక్కదు. తెలుగులో రాస్తే పక్కింటి రాజుగారు చదువుతారు, పాలు పోసే అప్పలనర్సమ్మ కొడుకు చదువుతాడు, స్టేషను రైటరు కూడా చదువుతాడు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చినప్పుడు మొదటిసారి మన గాయాలను ఇరుగుపొరుగు భాషలో చూపించాం. సెక్యులర్ పాఠకులు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. 2005లో షాజహానా 'నఖాబ్' వచ్చేసరికి గాయాలన్నీ బయటినుంచే తగిలినవి కావని తేలింది. అప్పుడు మన మగవాళ్ల మొహాలు మారాయి. చిత్రమేమిటంటే, కొందరు సెక్యులర్ మిత్రుల మొహాలు అప్పుడే వెలిగాయి.

నేను రెండు భాషల్లో రాసేవాణ్ని. ఉర్దూలో తెల్లవాళ్ల మీదా, ఢిల్లీ మీదా రాయమంటారు. తెలుగులో ముల్లాల మీద రాయమంటారు. ఒక సభలో నన్ను "ధైర్యంగా తన మతాన్ని విమర్శించే ముస్లిం" అని పరిచయం చేశారు. ఆ సాయంత్రం నేను మాట్లాడవలసింది శ్రీకాకుళంలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు దుకాణాలు పోయినవాళ్ల గురించి. అదే మాట్లాడాను. నిర్వాహకుడు కాస్త నిరాశపడ్డట్టు కనిపించాడు.

ఫరీద్ మీర్జా తర్వాత ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. పోలీసు చర్యకు ముందు రోజులూ, తర్వాత రోజులూ రెండూ ఆ పుస్తకం పేరులోనే ఉన్నాయి. సెప్టెంబరు సభలవాళ్లకు ముందు సగం కావాలి. మనవాళ్లకు వెనక సగం కావాలి. ఈ సంకలనం చదివే ఇద్దరు ముగ్గురైనా ఆ రెండు భాగాలూ వరసగా చదివి, ఆ తర్వాత నాతో పోట్లాటకు వస్తే సంతోషిస్తాను. ఉర్దూలోనైనా సరే, తెలుగులోనైనా సరే.